నిద్రపోతు గింజలు

"హైమా, మండె కదల్లేదే" అని వదిన ఫోన్ చేసేసరికి నేను ప్రయోగశాలలో వానపెట్టె ముందు కూర్చుని మూడో టీ తాగుతున్నాను.

"ఏ మండె వదినా?"

"దాళ్వా ఆకుమడికి. వడ్లు నానేసి, మూట కట్టి, గడ్డి కప్పి మూడ్రోజులైంది. రెండో రోజుకే తెల్లగా ముక్కు రావాలా? పొద్దున్న విప్పి చూత్తే నిన్న కొలిచి పోసినట్టే ఉన్నాయి. ఒక్క గింజ నోరు తెరిస్తే ఒట్టు. మా ఒక్కళ్ళదే కాదు, ఊళ్ళో ముప్పై రెండిళ్ళదీ ఇదే వరస."

"ముప్పై రెండిళ్ళదీనా? ఏ విత్తనం పోశారు?"

అవతల మాట లేదు. నూకరత్నం వదిన మాటలు వెతుక్కునే మనిషి కాదు. మా అన్నయ్య వెంకట్రాయుడు పెళ్ళైన పాతికేళ్ళలో మాట్లాడిన మొత్తం మాటలు ఆవిడ ఒక్క పూటలో మాట్లాడేస్తుంది. అటువంటి మనిషి ఆగిపోయింది.

"నీదే" అంది చివరికి.

గ్లాసు బల్ల మీద పెట్టాను. టీ కాస్తా రిజిస్టరు మీద ఒలికింది.

నాదంటే నా పేరున్న విత్తనమని కాదు. మా వరి పరిశోధన కేంద్రం కాగితాల్లో దాని పేరు ఎన్-41. ప్రయోగశాలలో మాత్రం అందరూ దాన్ని 'నిద్రపోతు' అంటారు. ఆ పేరు పెట్టింది మా టెక్నీషియన్ డేవిడ్. "నిద్ర పట్టని మేడమ్ నిద్రపోతుని తయారుచేశారు" అని నా మొహం మీదే అంటాడు. అబద్ధమేమీ కాదు. నాకు పుట్టిన దగ్గర్నుంచీ కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది, పడుకుంటే బుర్ర ఊగుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా కాలు ఊపుతూ కూర్చుందని మా అమ్మ పోయేదాకా నలుగురికీ చెప్పుకుంది. ఆ సంబంధం అందుకే తప్పిపోయిందట. పోతే పోయింది.

అసలు ఈ విత్తనానికి మూలం కూడా వదినే. తొమ్మిదేళ్ళ కిందట కోతల రోజుల్లో తుఫాను పట్టింది. కోసి పనలు వేసిన చేను నాలుగు రోజులు నీళ్ళలో నానింది. అయిదో రోజు వదిన పాత చీర ముక్కలో ఏదో మూటకట్టుకుని, పెసరలంక నుంచి బస్సెక్కి నా గదికి వచ్చింది. మూట విప్పి నా బల్ల మీద పెట్టింది. వరికంకులు. ప్రతి గింజకీ వేలెడు పొడవు పచ్చటి మొలక.

"చూడు, మా చేను దాని నెత్తి మీద అదే ఆకుమడి పోసుకుంది" అంది. "బోల్డు చదివేవు కదా, దీనికి మందేదన్నా ఉంటే చెప్పు."

"మందు లేదు వదినా. దాని గుణమే అంత."

"గుణం మార్చరాదా మరి" అంది, కొత్త కోడలి గుణం మార్చమన్నంత తేలిగ్గా.

ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రతి గింజకీ ఒక నిద్ర ఉంటుంది. కంకిలో పండాక కొన్నాళ్ళపాటు తడి తగిలినా లేవదు. అడవి వరికి ఆ నిద్ర ఎక్కువ. జల్లగానే మొలిచేవాటినే మనిషి తరతరాలుగా ఏరుకుంటూ వచ్చాడు, దాంతో ఊళ్ళో వరికి నిద్ర కరువైంది. గింజలో నిద్రను తెంచే జన్యువు ఒకటుంది. జన్యు కత్తెరతో దాన్ని అక్కడక్కడా కత్తిరించి, దాని పంతం తగ్గించడమే నేను చేసిన పని. చెప్పడానికి ఒక్క వాక్యం. చెయ్యడానికి తొమ్మిదేళ్ళు. నిద్ర ఎక్కువైతే విత్తనంగా పనికిరాదు, తక్కువైతే వానకి మొలుస్తుంది. వానాకాలపు సార్వా కోతకీ, ఎండాకాలపు దాళ్వాకి నారు పోసే ఆకుమడికీ మధ్య నెల రోజులుంటాయి. అందుకని సరిగ్గా నెల నిద్ర.

వానపెట్టె అంటే బీరువా అంత గాజు గది. అందులో పండిన కంకులు వేలాడదీసి జల్లు వదులుతాం. మామూలు వడ్లు నాలుగో రోజుకి మొలకెత్తాయి. ఎన్-41 ఇరవై అయిదు రోజులు తడిసినా కిమ్మనలేదు. తీసి ఆరబెట్టి, నెల గడిచాక నానబెడితే నూటికి తొంభై ఎనిమిది మొలిచాయి. ఆ రోజు డేవిడ్ ఊరంతటికీ సరిపడా కాజాలు తెచ్చి పంచాడు.

తర్వాత పొలంలో పరీక్ష. కిందటేడు సార్వాలో మా అన్నయ్య కౌలుకి చేస్తున్న అయిదెకరాల్లో పది సెంట్లు తీసుకున్నాం. పంట కోశాక మాకు కావలసిన కంకులు సంచుల్లో వేసుకుని, మిగతాదంతా, గింజా గడ్డీ, అక్కడికక్కడే తగలబెట్టాలి. అనుమతి రాని విత్తనం గట్టు దాటకూడదని రూలు. నేనే దగ్గరుండి నిప్పు పెట్టించాను. వడ్లు పేలాలై పేలుతున్నాయి. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అన్నం పెట్టే గింజని నిప్పులో వేత్తారా? చేతులెలా వచ్చాయే మీకు?"

"రూలు వదినా."

"రూలు రాసినోడు అన్నం తినడా?"

ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు ఫోన్‌లో వదిన చెప్పింది. "పరిగె ఏరేను హైమా. ఒక్క కుంచెడు గింజలు. మీరు కాల్చేలోగా."

పరిగె అంటే కోత కోశాక చేలో రాలిన కంకులు. అవి ఎవరు ఏరుకుంటే వాళ్ళవి. మా వైపు పరిగె ఏరుకునేవాళ్ళని కసిరిన రైతుకే చెడ్డపేరు వస్తుంది. వదిన దృష్టిలో తను చేసింది దొంగతనం కాదు, కాలిపోతున్న అన్నాన్ని కాపాడటం. ఆ కుంచెడూ దాళ్వాలో ఓ మూల చల్లింది, చక్కగా మొలిచింది, నాలుగు బస్తాలైంది. ఈ సార్వాలో అయిదెకరాలూ అదే వేశారు.

అక్టోబరులో పట్టిన ముసురు నవంబరు దాకా వదల్లేదు. ఊరందరి చేలూ కంకి మీదే మొలకెత్తాయి. మా వాళ్ళ అయిదెకరాలు మాత్రం పసుపు రాసినట్టు నిలబడ్డాయి. జనం గట్టు మీదకొచ్చి చూసి వెళ్ళారు. దాళ్వాకి విత్తనం ఎవరి దగ్గరా లేదు, ఉన్నదంతా మొలకలైపోయింది. ఇక చూస్కోండి, అందరూ వదిన గుమ్మంలోనే. పెసరలంకలో విత్తనం అమ్మరు. బస్తా విత్తనం పట్టుకెళితే పంటొచ్చాక బస్తా వడ్లు తెచ్చి పోస్తారు, అంతే. రత్నమ్మ చేతి విత్తనమని కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళారట.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"చెప్తే ఒప్పుకుంటావా? బాగా పండేక చెబ్దామనుకున్నానే. నువ్వు చేసిందే కదా, నీకే పేరొత్తాదని."

ఫోన్ పెట్టేసి స్కూటరు తీశాను.

పెసరలంకలో మా అన్నయ్య వాకిట్లో తడిమూటలు వరసగా విప్పి పరిచి ఉన్నాయి. అన్నయ్య అరుగు మీద కూర్చుని నా వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూశాడు. పక్క పొలం కౌలుదారు అబ్బులు ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికి, అరచేతిలో ఊసి నాకు చూపించాడు.

"సచ్చిన గింజ కాదండి డాక్టరమ్మగారూ. సచ్చిందైతే ఈపాటికి కుళ్ళి కంపు కొట్టాల. ఇది కుళ్ళదు, మొలవదు. మొండికేసి కూర్చుంది."

"కోసి ఎన్నాళ్ళైంది?"

"ముప్పై నాలుగు రోజులండి."

నెల దాటింది. లేవాలి. నేనూ ఒక గింజ తీసి గోటితో చీల్చాను. లోపల బియ్యం తెల్లగా, గట్టిగా, నిక్షేపంగా ఉంది. మొలక ఉండే చోట చిన్న చుక్క, అంతే. కదలిక లేదు.

"ఏప్రిల్ పదికి కాలవలు కట్టేత్తారండి" అన్నాడు అబ్బులు. "ఈ వారం పది రోజుల్లో ఆకుమడి పడకపోతే దాళ్వా లేనట్టే. సార్వా భూమిగలాయనకి, దాళ్వా మా పొయ్యికి. ఈయేడు సార్వా ఎలాగూ మొలకలపాలైంది. ఇక ఇది కూడా పోతే..." అని ఆగి, వదిన వైపు చూసి గొంతు తగ్గించాడు. "మడిలో పడితే అదే ఒళ్ళు దులుపుకుని లేత్తాదని తొమ్మిదిళ్ళవాళ్ళం అలాగే జల్లేశామండి."

ఆ చివరి మాట అప్పుడు నా చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. ఎక్కాల్సింది.

అబ్బులు భార్య గుమ్మం అవతల నిలబడి ఉంది. వదినని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వదిన మూటల మధ్య గొంతుక్కూర్చుని, గింజ తరవాత గింజ గోటితో చీల్చి చూస్తోంది, ఒక్కదాంట్లోనైనా మొలక కనబడుతుందేమోనని.

తలెత్తి నాతో అంది. "లేపు హైమా. నిద్దరపుచ్చినదానివి నువ్వే కదా. లేపు."

నాలుగు శేర్ల గింజలు సంచిలో పోసుకుని తిరిగి వచ్చాను. దారంతా స్కూటరు హ్యాండిల్ మీద వేళ్ళు టకటకలాడించాను. నాకు భయం వేస్తే వేళ్ళు ఊరుకోవు.

ప్రయోగశాలలో డేవిడ్ రెండు గిన్నెలు పెట్టాడు. ఒకదాంట్లో మేము దాచుకున్న ఎన్-41, రెండోదాంట్లో వదిన ఇచ్చింది. మాది రెండో రోజుకి మొలిచింది. వదినది అలాగే ఉంది. యాసిడ్ నీళ్ళలో నానబెట్టాం, లేవలేదు. పొట్టు వలిచి పెట్టాం, లేవలేదు. వేడి అరలో పెట్టాం. అందులోనూ నూటికి ఒకటో రెండో ముక్కు పెట్టాయి, అవి కూడా బద్ధకంగా. తల్లి ఒక్కటే, విత్తనం ఒక్కటే. ఇది మొలుస్తోంది, అది మొలవడం లేదు. నేను కాలు కాలిన పిల్లిలా గిన్నెల చుట్టూ తిరుగుతున్నాను.

మూడో రోజు సాయంత్రం డేవిడ్ వానపెట్టె గాజు తుడుస్తూ ఆగిపోయాడు.

"మేడమ్, మనం వాన ఎప్పుడు కురిపించాం?"

"అదేం ప్రశ్న? తొమ్మిదేళ్ళుగా కురిపిస్తూనే ఉన్నాం."

"పండిన కంకుల మీద కదా మేడమ్. గింజ పాలు పోసుకుంటున్నప్పుడు?"

నేను నిలబడిపోయాను. పాలు పోసుకునే కంకి మీద మేము ఒక్క చుక్క పడనివ్వలేదు. మందులు కడుక్కుపోతాయని, తెగుళ్ళు వస్తాయని, గాజు కప్పు కింద పసిబిడ్డల్ని పెంచినట్టు పెంచాం. అన్నయ్య పొలంలో పరీక్ష జరిగిన ఏడు ఎండ కాసింది. వదిన దాళ్వాలో వేసినప్పుడూ ఎండే. ఇదే మొదటిసారి, తల్లి కంకి తడుస్తూ బిడ్డని పెంచింది. చలిగా ఉంది, వానగా ఉంది, ఇప్పుడే లేవకు అని ప్రతి తల్లి మొక్కా తన గింజకి చెబుతుంది. మామూలు వరిలో ఆ మాట నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది. చెరిపే జన్యువుని నేనే కదా కత్తిరించింది. ఏ తుఫాను కోసం ఈ విత్తనం చేశానో ఆ తుఫానులోనే అది పనికిరాకుండా పోయింది. ఈ పరీక్ష చెయ్యాలని నాకు తోచలేదు. పొలంలో పెరిగిన దాన్ని, పాలు పోసుకునే వేళ వాన పడితే ఏమవుతుందని మా ఊళ్ళో ఏ ముసలమ్మని అడిగినా ఏదో ఒకటి చెప్పేది.

గింజలోని నిద్ర రసాన్ని, అంటే దాన్ని నిద్రపుచ్చే హార్మోనుని, కొలిచాం. మామూలుకి ఎనిమిది రెట్లు.

"ఎప్పుడు లేస్తాయి మేడమ్?"

"కొన్ని ఆర్నెల్లకి, కొన్ని ఏడాదికి. కొన్ని ఎప్పటికో."

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు రామభద్రం గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మంచివాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మన గోదాములో మామూలు విత్తనం ఉందమ్మా. నూట యాభై ఎకరాలకి సరిపోతుంది. ఈరోజే వదలమని నేను రాయగలను. కానీ ఎందుకు వదులుతున్నామో కారణం రాయాలి కదా."

"రాద్దామండి."

"రెండు రకాలుగా రాయొచ్చు" అని ఆయన కిటికీ బయటికి చూశాడు. "అనుమతి లేని విత్తనాన్ని ఆ రైతు భార్య పరీక్ష చేను నుంచి దొంగిలించింది, ఊరందరికీ పంచింది. ఇది ఒకటి. అప్పుడు మన విత్తనం జోలికి ఎవరూ రారు. ఆవిడ మీద కేసవుతుంది. నువ్వు నీ లోపం సరిదిద్దుకుంటావు. రెండేళ్ళో మూడేళ్ళో. లేదూ, లోపం విత్తనంలోనే ఉందనీ, పరీక్ష సరిగ్గా చెయ్యలేదనీ, గట్టు దాటకుండా కాపలా కాయలేదనీ రాస్తావు. ఆ సాయంత్రానికి ఎన్-41కి తాళం పడుతుంది. మళ్ళీ తెరవరు." నా వైపు తిరిగాడు. "మొదటిది అబద్ధం కాదు హైమావతీ. ఆవిడ పట్టుకెళ్ళడం నిజమే కదా."

నిజమే. అందుకే అది అంత రుచిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను మొదటి కాగితమే కావాలనుకున్నాను. ఆ విత్తనం సగం మంచిది. ఇంకో మూడేళ్ళిస్తే మిగతా సగం కూడా బాగుచేస్తాను. మళ్ళీ తుఫాను వస్తుంది, మళ్ళీ ఏ లంకలోనో ఒక ఆడమనిషి మొలకలెత్తిన కంకులు మూటకట్టుకుంటుంది. ఆ చేలన్నీ ఒక పక్క, వదిన ఒక్కతీ ఒక పక్క. లేచి అటూ ఇటూ తిరిగాను.

"కూర్చోమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడాయన.

"నేను చూశానండి" అన్నాను.

"ఏం చూశావు?"

"నిప్పు పెట్టిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. వదిన ఒడి బరువుగా ఉంది. కొంగు చివర ఒక కంకి బయటికి వేలాడుతోంది. చూసి, మంట వైపు తిరిగి నిలబడ్డాను."

నేను ఆపలేకపోయాను. నా చిన్నప్పుడు మా అమ్మ పరిగె ఏరేది. నేను వెనకే బుట్ట పట్టుకుని నడిచేదాన్ని. నా అయిదో తరగతి పుస్తకాలు పరిగె వడ్లు పోసి కొన్నవే. ఒడి నిండా కంకులతో వంగి నడిచే ఆడదాన్ని ఆపి "తియ్యి" అనడానికి నాకు నోరు రాలేదు. రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను, పరిగె తిన్నవాళ్ళలోనూ నేనున్నాను. ఆ రోజు రెండోదే గెలిచింది.

"ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు రామభద్రం గారు.

"అవునండి" అని, కలం అడిగి తీసుకున్నాను.

ఒకటిన్నర పేజీ రాశాను. విత్తనంలో లోపం, పరీక్షలో లోపం, కాపలాలో లోపం. పేరు రాయాల్సిన ప్రతిచోటా నా పేరే రాశాను. సంతకం పెట్టాక చూసుకుంటే నా కాలు ఊగడం లేదు. అంతకంటే విచిత్రం నా జన్మలో చూడలేదు.

ఆ సాయంత్రమే ట్రాక్టరు పెసరలంక వెళ్ళింది. ఆకుమళ్ళు పది రోజులు ఆలస్యంగా పడ్డాయి. చివరి తడికి నీళ్ళందక కొన్ని చేలు తాలుపోయాయి. అయినా దాళ్వా దక్కింది. ముప్పై రెండిళ్ళ పొయ్యిలూ వెలిగాయి. ఎన్-41ని పెట్టెలతో సహా మా వెనక పెరట్లో కాల్చేశారు. నిప్పంటించింది డేవిడే. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత ఒకరోజు టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నన్ను నాలుగు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి, ఆపైన విత్తన పరీక్ష కేంద్రానికి మార్చారు. ఎవరెవరివో విత్తనాలు వందకి ఎన్ని మొలుస్తున్నాయో చూసి రాయడం ఇప్పుడు నా ఉద్యోగం. నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకుంటాను.

కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. జూన్‌లో సార్వా ఆకుమళ్ళు పోశాక వదిన ఫోన్ చేసింది.

"హైమా, లేచాయే."

ఆ తొమ్మిదిళ్ళవాళ్ళు. మడిలో జల్లేసిన గింజలు. మళ్ళీ మళ్ళీ దున్నిన దమ్ములో చేలన్నిటికీ పాకి, బురదలో ఆర్నెల్లు హాయిగా నిద్రపోయి, ఇప్పుడు తీరిగ్గా లేస్తున్నాయి. కొన్నే లేచాయి. మిగతావి కింద ఇంకా పడుకునే ఉన్నాయి. ఏ ఏడు ఏది లేస్తుందో తెలీదు. ఒకరి చేలో ఇంకో రకం మొలిస్తే మా వైపు కేళీలంటారు. అవి కలిసిన వడ్లు విత్తనానికి పనికిరావు, మిల్లులో పేచీ. మేము గుర్తు కోసం ఎన్-41కి దుబ్బు మొదలు దగ్గరా, కంకి మొదలు దగ్గరా ఊదా రంగు గీత ఉండేట్టు చేశాం. ఆ గీతే ఇప్పుడు దిక్కయింది. అది చూసి పీకడమే.

ఎవరూ అడగలేదు. వదినే తొమ్మిదిళ్ళ చేలల్లోనూ దిగింది, వంగి ఒక్కొక్క దుబ్బూ చూసుకుంటూ. నేను సెలవు పెట్టి వెళ్ళాను. అన్నయ్య ఒక గట్టు పట్టాడు. మూడో రోజుకి అబ్బులు కూడా వచ్చి, నా పక్క సాళ్ళో వంగాడు.

"మీరెందుకండి ఈ బురదలో" అన్నాడు చాలాసేపటికి.

"నేను చేసిందే కదయ్యా."

"అలాగనుకుంటే జల్లింది నేనేనండి" అని ఇంకో దుబ్బు పీకాడు.

పెసరలంకలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ విత్తనం అడగరు. టౌను నుంచి సీలు వేసిన సంచులు కొనుక్కొస్తారు. బస్తాకి బస్తా అనే మాట పోయింది. అది కూడా నేనే పోగొట్టాను, ఏ కత్తెరా లేకుండా. వదిన మీద ఎవరికీ కోపం లేదంటారు. పండక్కి పిలుస్తారు, పలకరిస్తారు. కానీ ఒకరోజు చేలో గీత కోసం వెతుకుతూ వదిన మామూలుగా అన్నట్టు అంది. "మన పెరుగు తోడుకి కూడా ఎవరూ రావట్లేదే. మునుపు తెల్లారితే నలుగురు గిన్నెలు పట్టుకొచ్చేవోరు." చెప్పి ఇంకో సాలుకి జరిగింది.

రెండో ఏడు నవంబరులో కోతలప్పుడు మళ్ళీ వెళ్ళాను. పీకడంలో తప్పిపోయిన కేళీలు కొన్ని కంకి వేసి పండిపోయాయి. కోతకి ముందే వాటిని విడిగా కోసి, అబ్బులు గట్టు మీద కుప్ప చేశాం. గింజ బరువుగా, బంగారంలా ఉంది. ఆ పక్కనున్న అసలు పంట కంటే అదే బాగుంది, నాకు ఏడుపొచ్చేంత బాగుంది.

వదిన తనే అగ్గిపుల్ల గీసింది. గడ్డి అంటుకుంది. వడ్లు పేలడం మొదలైంది. పేలాల కమ్మటి వాసన గట్టంతా పరుచుకుంది. మధ్యాహ్నం కావడంతో నాకు ఆకలేసింది, ఆ ఆకలికి నాకే సిగ్గేసింది.

"ఇంకా ఎన్నేళ్ళు లేత్తాయే?" అంది.

"తెలీదు వదినా."

"తెలీదని చెప్పడం నేర్చుకున్నావు. నయమే."

కంకులన్నీ అయ్యాక ఇద్దరం గట్టు వెంట నడిచాం. దారిలో ఒక కంకి పడి ఉంది, మోపులోంచి జారినట్టుంది. వదిన నడుస్తూనే వంగి, చూడకుండానే తీసుకుని, బొడ్లో దోపుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. నాలుగడుగులు వేశాక ఆగింది. కంకి బయటికి తీసి మొదలు చూసింది. ఊదా గీత.

వెనక్కి నడిచి మంట దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. గాలికి కంకి ఊగుతోంది, వేళ్ళు మాత్రం విడలేదు.

వదిన నా వైపు తిరిగి కంకి నా చేతిలో పెట్టింది.

"నువ్వెయ్యి హైమా" అంది. "నా చెయ్యి రాదు."

ఈసారి నేను అటు తిరిగి నిలబడలేదు. వదిన మొహంలోకి చూస్తూనే కంకిని మంటలో వేశాను.